పాత స్పోర్ట్స్ కారుకు కొత్త ఫ్యూయల్ పంపు: ఎంపికలో కొన్ని మెలకువలు

పాత వాహనాల విషయంలో ఒక అభిప్రాయం చాలామందిలో గట్టిగా నాటుకుపోయింది. పాడైపోయిన భాగం తీసేసి దానికంటె బలమైనది బిగిస్తే బండి మునుపటికంటె బాగా నడుస్తుందని. కొన్ని భాగాల విషయంలో ఈ మాట కొంతవరకు నిజమే. కాని ఫ్యూయల్ పంపు విషయంలో మాత్రం ఇది నిజం కాదు సరికదా, ప్రమాదకరం కూడా.

"సార్, పెద్ద పంపు వేస్తే పికప్ పెరగదా?" అని మా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నలభై అయిదు నిమిషాల పీరియడులో ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం చెప్పడానికి వీలు చిక్కదు. అందుచేత ఈ సంచికను ఆసరా చేసుకొని కాస్త వివరంగా రాస్తున్నాను. మెకానికల్ విద్యార్థులకే కాక, ఇంట్లో పాత కారో, మోటారు సైకిలో ఉన్న ఇతర శాఖల మిత్రులకు కూడా ఇది పనికి వస్తుందని నా ఆశ.

మనం ఎన్నుకున్న ఉదాహరణ

ఏదైనా ఒక కారును ఎదురుగా పెట్టుకొని మాట్లాడితేనే విషయం బోధపడుతుంది. అందుకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుండి 1980 వరకు తయారయిన ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారును తీసుకుంటాను. రెండు సీట్ల ఓపెన్ కారుగానూ, జి.టి. అనే మూతకారుగానూ ఇవి అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం అమెరికాకు ఎగుమతి అయ్యాయి. నేటికీ ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ వీటిని ప్రాణంగా చూసుకునేవారు వేల సంఖ్యలో ఉన్నారు.

ఈ కారు మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. దీని ఇంజను 1798 సి.సి. బి-సిరీస్. మన రోడ్ల మీద దశాబ్దాల తరబడి తిరిగిన అంబాసిడర్ కారులోని 1489 సి.సి. పెట్రోలు ఇంజను కూడా అదే బి-సిరీస్ కుటుంబానికి చెందినదే. అన్నదమ్ముల బిడ్డలన్నమాట. కాకపోతే ఎం.జి.బి.కి రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లు ఉంటాయి, ఇంజను శక్తి సుమారు 95 హార్స్ పవర్. పెట్రోలు ట్యాంకు వెనుక, ఇంజను ముందు. ట్యాంకులోని పెట్రోలును కారు పొడుగునా ముందుకు తోసేది ఎస్.యు. ఎలక్ట్రిక్ పంపు. ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ములు స్థాపించిన సంస్థ అది. స్టూడెంట్స్ యూనియన్‌కూ దానికీ ఎటువంటి బంధుత్వమూ లేదని మనవి.

పంపు పనిచేసే తీరు

ఎస్.యు. పంపులో ఒక డయాఫ్రం ఉంటుంది. దాని వెనుక ఒక స్ప్రింగు, ఒక విద్యుదయస్కాంతం ఉంటాయి. తాళంచెవి తిప్పగానే కరెంటు వచ్చి అయస్కాంతం డయాఫ్రాన్ని వెనక్కు లాగుతుంది. స్ప్రింగు నొక్కుకుంటుంది. లోపలి గదిలో ఖాళీ ఏర్పడి, ఇన్లెట్ వాల్వు తెరుచుకొని, ట్యాంకు నుండి పెట్రోలు లోపలికి వస్తుంది. డయాఫ్రం చివరిదాకా వెళ్లగానే కాంటాక్ట్ పాయింట్లు టక్కున విడిపోతాయి. కరెంటు ఆగిపోతుంది. అప్పుడు స్ప్రింగు డయాఫ్రాన్ని ముందుకు తోస్తుంది. ఇన్లెట్ వాల్వు మూసుకొని, ఔట్‌లెట్ వాల్వు తెరుచుకొని, పెట్రోలు కార్బ్యురేటరు వైపు వెళుతుంది. తోయడం పూర్తికాగానే పాయింట్లు మళ్లీ కలుసుకుంటాయి. మళ్లీ అదే వరస. పాత బ్రిటిష్ కార్లలో తాళం తిప్పగానే వెనుక నుండి వినిపించే "టక టక టక" చప్పుడు ఇదే.

ఇందులో విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. పెట్రోలును పీల్చేది కరెంటు, తోసేది స్ప్రింగు. కనుక పంపు ఇచ్చే పీడనాన్ని నిర్ణయించేది స్ప్రింగు బలమూ, డయాఫ్రం వైశాల్యమూ. బ్యాటరీ ఎంత బలంగా ఉన్నా ఆ పీడనం పెరగదు. కార్బ్యురేటరులోని ఫ్లోట్ చాంబరు నిండి నీడిల్ వాల్వు మూసుకోగానే, పైపులోని పెట్రోలు డయాఫ్రాన్ని ముందుకు కదలనివ్వదు. స్ప్రింగు నొక్కుకొని అలాగే ఆగిపోతుంది. పాయింట్లు విడిపోయి ఉంటాయి కాబట్టి కరెంటు కూడా ఖర్చు కాదు. ఇంజను కొంత పెట్రోలు తాగాక మళ్లీ ఒక "టక్". అంటే ఈ పంపుకు ఇంజను అవసరం ఎంతో దానంతట అదే తెలుస్తుంది. ఏ ట్రాన్సిస్టరూ లేకుండా ఇంత చక్కని ఏర్పాటు చేసిన ఆనాటి ఇంజనీర్లను మెచ్చుకోకుండా ఉండలేం.

మొదటి ప్రశ్న: పీడనం ఎంత?

ఎం.జి.బి. పంపు ఇచ్చే పీడనం చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్లు. వర్కుషాపు భాషలో 3 పి.ఎస్.ఐ. సైకిలు ట్యూబులో మనం కొట్టే గాలితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. మరి ఇంత తక్కువ ఎందుకు? 7 పి.ఎస్.ఐ. పంపు పెడితే వచ్చే నష్టమేమిటి?

దీనికి సమాధానం కార్బ్యురేటరులో ఉంది. ఫ్లోట్ చాంబరులో పెట్రోలు మట్టాన్ని అదుపుచేసేది ఒక చిన్న నీడిల్ వాల్వు. పెట్రోలు మట్టం పెరిగినకొద్దీ ఫ్లోటు పైకి తేలి, ఒక లివరు ద్వారా నీడిల్‌ను దాని సీటులోకి నొక్కుతుంది. పంపు నుండి వచ్చే పీడనం ఆ నీడిల్‌ను కిందికి తోసి తెరవాలని చూస్తుంది. ఈ రెండింటి పెనుగులాటే మట్టాన్ని నిర్ణయిస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. సీటు రంధ్రం వ్యాసం 2.5 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 4.9 చదరపు మిల్లీమీటర్లు. 3 పి.ఎస్.ఐ. అంటే 20.7 కిలో పాస్కల్. ఈ రెండూ గుణిస్తే నీడిల్‌ను తెరవాలని చూసే బలం సుమారు 0.1 న్యూటన్, అంటే పది గ్రాముల బరువంత. అదే 7 పి.ఎస్.ఐ. అయితే దాదాపు 24 గ్రాములు. ఫ్లోటు మాత్రం మారలేదు. అది తేలే బలం దాని ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుందని ఆర్కిమెడీస్ ఏనాడో చెప్పాడు. 10 గ్రాములను ఆపడానికి చేసిన ఏర్పాటు 24 గ్రాములను ఆపాలంటే ఫ్లోటు ఇంకా లోతుగా మునగాలి. అంటే చాంబరులో మట్టం పెరగాలి. కొంత పెరిగితే మిశ్రమం చిక్కనై, ఇంజను నల్లపొగ వదులుతుంది, ప్లగ్గులు మసిబారతాయి. ఇంకొంత పెరిగితే ఓవర్‌ఫ్లో పైపు గుండా పెట్రోలు బయటికి కారుతుంది.

ఎం.జి.బి.లో ఇది చిన్న విషయం కాదు. ఈ ఇంజనులో కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉంటాయి. పైన కార్బ్యురేటర్లు, వాటి కింద నిప్పులా కాలే ఇనుప గొట్టం. కారిన పెట్రోలును ఆ వేడికి దూరంగా కిందికి దింపడానికే ఓవర్‌ఫ్లో పైపులు పెట్టారు. అవి విరిగిపోయినా, ఊడిపోయినా ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. మా బ్యాచ్‌మేట్ ఒకడు బర్మింగ్‌హాంలో స్థిరపడ్డాడు. ముచ్చటపడి 1972 నాటి ఎం.జి.బి. ఒకటి కొన్నాడు. ఒక వేసవి సెలవుల్లో నేను అక్కడ ఉండగా దాని పంపు ఆగిపోయింది. "పాత కార్లన్నింటికీ సరిపోతుంది" అన్న ప్రకటన చూసి వాడొక ఎలక్ట్రానిక్ పంపు తెచ్చి బిగించాడు. పెట్టె మీద 12 వోల్టులన్న సంగతి తప్ప పీడనం ఎంతో రాసి లేదు. మర్నాటి నుండి బండి ఐడిలింగులో దడదడలాడడం, లోపల పెట్రోలు వాసన. బానెట్ ఎత్తి చూస్తే ముందు కార్బ్యురేటరు ఓవర్‌ఫ్లో పైపు నుండి చుక్కలు చుక్కలుగా పెట్రోలు పడుతోంది.

"ఏరా, నీడిల్ వాల్వులు అరిగిపోయినట్టున్నాయి. కొత్తవి వేస్తే సరిపోదూ?" అన్నాడు.

"ఏదీ విప్పకు. ముందు ఇంజను ఆపు. చల్లబడ్డాక గేజి పెట్టి చూద్దాం" అన్నాను.

గేజిలో ముల్లు 7 దాటింది. 3 పి.ఎస్.ఐ. ఇచ్చే సరైన పంపు తెప్పించి బిగించాక, అవే నీడిల్ వాల్వులతో ఒక్క చుక్క కూడా కారలేదు. వాల్వుల తప్పేమీ లేదు. వాటి శక్తికి మించిన పని వాటి నెత్తిన పెట్టడం జరిగిందంతే.

ఇలాంటప్పుడు పైపు మధ్యలో ప్రెషర్ రెగ్యులేటరు పెట్టి పీడనం తగ్గించే పద్ధతి కూడా ఉంది. అది తప్పు కాదు. కాని పాడవడానికి మరో భాగం, కారడానికి మరో రెండు జాయింట్లు చేరినట్టే. సరైన పీడనంగల పంపు దొరుకుతున్నప్పుడు దానినే ఎన్నుకోవడం ఉత్తమం.

రెండవ ప్రశ్న: ప్రవాహం ఎంత?

పీడనం ఒకటి, ప్రవాహం మరొకటి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే సగం పొరపాట్లు జరుగుతున్నాయి. నిమిషానికి ఎంత పెట్రోలు కావాలో చెప్పేది ఇంజను శక్తి.

ఇటువంటి పాత ఇంజను పూర్తి వేగంతో పనిచేస్తున్నప్పుడు హార్స్ పవరుకు గంటకు సుమారు 0.23 కిలోల పెట్రోలు తాగుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. 95 హార్స్ పవరుకు గంటకు 22 కిలోలు. పెట్రోలు సాంద్రత లీటరుకు 0.74 కిలోలు అనుకుంటే సుమారు 30 లీటర్లు. అంటే నిమిషానికి అర లీటరు. ఇది ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచినప్పటి లెక్క. మామూలు ప్రయాణంలో ఇందులో నాలుగో వంతు కూడా అవసరపడదు.

మంచి స్థితిలో ఉన్న ఎం.జి.బి. పంపు గంటకు సుమారు 68 లీటర్లు, అంటే నిమిషానికి లీటరుకు పైగా ఇస్తుంది. అవసరానికి రెట్టింపు ఉన్నట్టే. కనుక ఇంకా పెద్ద పంపు పెట్టినంత మాత్రాన ఇంజనుకు ఒక్క హార్స్ పవరు కూడా కలిసిరాదు. ఫ్లోట్ చాంబరు నిండాక నీడిల్ వాల్వు తలుపు వేసేస్తుంది. క్లాసులో అడిగే ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

ఇక్కడ కొనేవారు జాగ్రత్తపడవలసిన అంశం ఒకటుంది. పంపుల పెట్టెల మీద వేసే ప్రవాహం అంకె తరచు ఏ అడ్డూ లేకుండా, గొట్టం బార్లా తెరిచి కొలిచినది. పీడనం పెరిగినకొద్దీ ప్రవాహం తగ్గుతుంది. గరిష్ట పీడనం దగ్గర అది సున్నా అవుతుంది. కాబట్టి "ఎంత ఇస్తుంది?" అని కాక, "నాకు కావలసిన పీడనం దగ్గర ఎంత ఇస్తుంది?" అని అడగాలి.

పేరు ఒకటే, పంపులు వేరు

"ఫలానా కారుకు పంపు కావాలి" అంటే చాలదనడానికి ట్రయంఫ్ టి.ఆర్.6 మంచి నిదర్శనం. 1976 వరకు తయారయిన ఈ ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారును బ్రిటనులో లూకాస్ పెట్రోల్ ఇంజెక్షన్‌తో అమ్మారు. అమెరికాకు పంపిన వాటికి మాత్రం కార్బ్యురేటర్లు పెట్టారు. అమెరికా కారులో ఇంజను పక్కనే క్యాంషాఫ్ట్ తోసే మెకానికల్ పంపు, కొద్దిపాటి పి.ఎస్.ఐ. పీడనం. బ్రిటిష్ కారులో డిక్కీలో ఎలక్ట్రిక్ పంపు, 100 పి.ఎస్.ఐ.కి పైగా పీడనం. పేరు ఒకటే, ఒడ్డూ పొడుగూ ఒకటే, కాని ఒకదాని పంపు రెండోదానికి పెడితే ఒక చోట బండి కదలదు, రెండో చోట పెట్రోలు వరదలవుతుంది.

మూడో ఉదాహరణ జర్మనీ నుండి. 1970లలో బాష్ కంపెనీ రూపొందించిన కె-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ పద్ధతిని పోర్షె 911 ఎస్.సి. వంటి కార్లలో వాడారు. ఇందులో పెట్రోలు పీడనం సుమారు 5 బార్, అంటే 70 పి.ఎస్.ఐ.కి పైనే. ఇందాకటి నీడిల్ సీటు మీద ఈ పీడనం పడిందనుకోండి, పది గ్రాముల స్థానంలో పావుకిలో బరువు పడినట్టు. ఏ ఫ్లోటూ దానిని ఆపలేదు.

కార్బ్యురేటరుకూ ఇంజెక్షనుకూ మధ్య మౌలికమైన తేడా ఇంకొకటి ఉంది. కార్బ్యురేటరు కారులో పీడనాన్ని నిర్ణయించేది పంపే. ఇంజెక్షన్ కారులో పీడనాన్ని నిర్ణయించేది విడిగా ఉండే రిలీఫ్ వాల్వు లేక రెగ్యులేటరు. పంపు ఎప్పుడూ అవసరానికి మించి పెట్రోలు పంపుతూనే ఉంటుంది. మిగిలినది రిటర్న్ పైపు గుండా ట్యాంకుకు తిరిగి వస్తుంది. కనుక అక్కడ పంపుకు ఉండవలసిన యోగ్యత ఏమిటంటే, ఆ అధిక పీడనం దగ్గర కూడా ఇంజనుకూ, రిటర్నుకూ సరిపడా పెట్రోలు ఇవ్వగలగడం. అలాగని మరీ ఎక్కువ ఇచ్చే పంపు పెడితే సన్నని రిటర్న్ పైపులో పెట్రోలు పట్టక పీడనం పెరిగిపోతుంది.

కె-జెట్రానిక్ పంపులో నాన్ రిటర్న్ వాల్వు సంగతి కూడా మరవరాదు. ఇంజను ఆపేశాక కూడా పైపుల్లో కొంత పీడనం నిలిచి ఉండాలి. లేకపోతే ఇంజను వేడికి పైపుల్లోని పెట్రోలు ఆవిరవుతుంది. బండి ఆపి, టీ తాగి వచ్చేసరికి స్టార్టు కాదు. కొత్త పంపు వేశాక ఈ జబ్బు మొదలయితే ముందుగా అనుమానించవలసినది ఈ వాల్వునే.

తోయడం వేరు, పీల్చడం వేరు

ఎస్.యు. పంపు వంటి డయాఫ్రం పంపులు పీల్చడంలో గట్టివి. ఇంజెక్షన్ కార్లలోని రోలర్ పంపులు తోయడంలో మొనగాళ్లు, పీల్చడంలో బలహీనులు. ఇన్లెట్ దగ్గర పీడనం తగ్గితే పెట్రోలు అక్కడికక్కడే ఆవిరి బుడగలుగా మారుతుంది. బుడగలను పట్టుకున్న పంపు వేడెక్కుతుంది. వేడెక్కితే మరిన్ని బుడగలు. ఎండాకాలంలో, ట్యాంకులో పెట్రోలు అడుగంటిన వేళ టి.ఆర్.6 ఇంజెక్షన్ కార్లు మొరాయించడానికి ఇదొక ముఖ్య కారణం. కొందరు లూకాస్ పంపు తీసేసి బాష్ పంపు వేసుకుంటారు. అది మంచి మార్పే. అయితే కొత్త పంపును ట్యాంకు మట్టం కంటె కిందగా, పెట్రోలు దానంతటదే పంపులోకి దిగేటట్టు అమర్చాలి. ఇన్లెట్ వైపు పైపు లావుగా ఉండాలి. అక్కడ పెట్టే ఫిల్టరు ప్రవాహాన్ని అడ్డగించనిది అయి ఉండాలి. ఇవేవీ మార్చకుండా పంపు ఒక్కటే మార్చి ఫలితం లేదనుకోవడం న్యాయం కాదు.

కరెంటు సంగతి

పాత బ్రిటిష్ కార్లలో చాలా వాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండేది. ఎం.జి.బి. కూడా 1967 దాకా అలాగే వచ్చి, ఆ తర్వాత మైనస్ ఎర్త్‌కు మారింది. పాయింట్లు, కాయిలు మాత్రమే ఉన్న పాత పంపుకు ఈ తేడా పట్టదు. కాని పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా డయోడు అమర్చిన పంపులకు, పూర్తి ఎలక్ట్రానిక్ పంపులకు ప్లస్, మైనస్ తారుమారైతే క్షణాల్లో ప్రాణం పోతుంది. యాభై, అరవై ఏళ్లలో ఎందరో చేతులు మారిన కారు అది. మధ్యలో ఎవరైనా ఎర్త్ మార్చి ఉండవచ్చు. కారు పుట్టిన సంవత్సరాన్ని నమ్మకుండా, బ్యాటరీ దగ్గరికి వెళ్లి ఏ తీగ బాడీకి కలిసిందో కళ్లతో చూసుకోవాలి.

రెండవది వైరింగు. ఇంజెక్షన్ పంపు 5 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. పాత తీగల్లో, తుప్పుపట్టిన కనెక్షన్లలో మొత్తం 0.4 ఓము నిరోధం ఉంటే, ఓం సూత్రం ప్రకారం 2 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. 12 వోల్టుల పంపుకు 10 వోల్టులే అందుతాయి. పంపు నెమ్మదిగా తిరుగుతుంది, పీడనం చాలదు. మనం పంపును తిడతాం. వోల్టేజి కొలవవలసినది బ్యాటరీ దగ్గర కాదు, పంపు తిరుగుతుండగా పంపు దగ్గర.

ఇథనాలు కలిసిన పెట్రోలు

ఈ కార్లు తయారయిన రోజుల్లో వీటి రబ్బరు భాగాలను నేటి పెట్రోలును దృష్టిలో పెట్టుకొని చేయలేదు. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. మన దేశంలో 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలు పాత రకం రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి, పగుళ్లు తెప్పిస్తుంది. తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది. కనుక పంపు కొనేటప్పుడు డయాఫ్రం, వాల్వులు, సీళ్లు ఇథనాలుకు తట్టుకునేవేనా అని అడిగి తీరాలి. ఎప్పుడో తయారై గోడౌనులో పడి ఉన్న అసలు కంపెనీ పంపు దొరికిందని సంబరపడితే చాలదు. పెట్టె కొత్తదే అయినా లోపలి రబ్బరు పాతది.

గొట్టాలకూ ఇదే మాట వర్తిస్తుంది. కార్బ్యురేటరు కార్లకు వాడే గొట్టం 5 బార్ పీడనానికి పనికిరాదు. ఇంజెక్షన్ కారుకు అందుకు తగిన గొట్టం, తగిన క్లిప్పులే వాడాలి.

పంపును నిందించే ముందు

కొత్త పంపు కొనేముందు పాతది నిజంగా పాడైందో లేదో తేల్చుకోవాలి. ఎస్.యు. పంపు తన జబ్బు తానే చెబుతుంది, చెవిపెట్టి వింటే చాలు. తాళం తిప్పగానే కొన్నిసార్లు టకటకలాడి, ఆపై ఆగిపోతే అంతా సవ్యమే. ఇంజను ఆడకుండానే అయిదారు సెకన్లకొక "టక్" వినిపిస్తూ ఉంటే నీడిల్ వాల్వు కారుతోందనో, పంపు లోపలి వాల్వు వెనక్కు వదిలేస్తోందనో అర్థం. ఆగకుండా గబగబా కొట్టుకుంటూ పెట్రోలు పంపకపోతే ట్యాంకు ఖాళీ అయినా అయి ఉండాలి, ట్యాంకు వైపు పైపులో గాలి అయినా దూరుతూ ఉండాలి. అసలు చప్పుడే లేక, పంపు మీద మెల్లగా తట్టగానే మొదలయితే పాయింట్లు మాడిపోయాయన్నమాట. ఈ పంపును విప్పి డయాఫ్రం, పాయింట్లు మార్చుకోవచ్చు. వాటి కిట్లు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతున్నాయి. మొత్తం పంపు పారేయనక్కరలేదు.

ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా పంపు చచ్చిపోయినట్టే అనిపిస్తుంది. బండి ఆగిన వెంటనే మూత తీస్తే "స్" మని గాలి లోపలికి పోయే చప్పుడు వినిపిస్తే దోషం మూతది. ఇవన్నీ చూశాక, చల్లని ఇంజను మీద, ఆరుబయట, దగ్గర నిప్పు లేకుండా, అగ్నిమాపక సిలిండరు అందుబాటులో పెట్టుకొని, కార్బ్యురేటరు దగ్గర గొట్టం విప్పి లోహపు డబ్బాలోకి పెట్రోలు వదిలి కొలవాలి. ఎం.జి.బి.లో నిమిషానికి లీటరు వస్తే పంపు బంగారం. అర లీటరుకు తగ్గితే మార్చాలి. గొట్టం చివర పెట్రోలులో ముంచినప్పుడు ఎడతెగకుండా బుడగలు వస్తుంటే పీల్చే వైపు గాలి దూరుతున్నట్టు.

కొనేవారు వేసుకోవలసిన ప్రశ్నలు

ఇంతవరకు చెప్పినదాన్ని క్రోడీకరిస్తే ఆరు ప్రశ్నలవుతాయి.

1. కారుకు ఉన్నది కార్బ్యురేటరా, ఇంజెక్షనా? పేరు చూసి కాదు, బానెట్ ఎత్తి చూసి చెప్పాలి.

2. ఆ ఏర్పాటుకు కావలసిన పీడనం ఎంత? వర్కుషాపు మాన్యువల్‌లోని అంకెకూ, పంపు మీది అంకెకూ పొత్తు కుదరాలి.

3. ఆ పీడనం దగ్గర పంపు ఇచ్చే ప్రవాహం, పూర్తి వేగంలో ఇంజను తాగేదానికంటె ఎక్కువగా ఉందా?

4. పంపు ఎక్కడ కూర్చుంటుంది? పీల్చాలా, పెట్రోలు దానంతట అదే దిగుతుందా?

5. ఎర్త్ ప్లస్సా, మైనస్సా? పంపు దగ్గర వోల్టేజి సరిగా అందుతోందా?

6. లోపలి రబ్బరు నేటి పెట్రోలుకు తట్టుకుంటుందా?

వీటికి తోడు ఎలక్ట్రిక్ పంపుగల ప్రతి పాత కారుకూ ఇనర్షియా స్విచ్చి ఒకటి పెట్టించడం మంచిది. కారు దేనికైనా గుద్దుకున్నప్పుడు అది పంపుకు కరెంటు ఆపేస్తుంది. మెకానికల్ పంపు ఇంజను ఆగగానే తానూ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపుకు ఆ సంగతి తెలియదు. పైపు తెగిపోయినా, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. లోపల చిక్కుకున్న మనిషికి ఆ స్విచ్చి విలువ వెలకట్టలేనిది.

చివరగా విద్యార్థి మిత్రులకు ఒక సూచన. మన ల్యాబులో ఏదైనా చిన్న పంపు, ఒక ప్రెషర్ గేజి, ఒక కొలగాజు, ఒక వాల్వు ఉంటే చాలు. పెట్రోలు అవసరం లేదు, నీళ్లతో పనిచేసే పంపయినా ఫరవాలేదు. వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, ఒక్కొక్క పీడనం దగ్గర నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయో రాసుకొని గ్రాఫు గీయండి. ఒక సాయంత్రం పని. ఆ గీత కుడివైపుకు ఎలా దిగిపోతుందో ఒకసారి స్వయంగా చూసిన విద్యార్థి, ఇక ఎప్పుడూ పెట్టె మీది ఒక్క అంకెను చూసి పంపు కొనడు.